మా ఇంటికే వచ్చిన విచారణ

మా ఆయన చిలకలూరిపేటలో వకీలు. ఆయన అన్నగారు, అంటే మా బావగారు, అదే ఊళ్ళో హైస్కూలు సైన్సు మాస్టారు. మా ఆయన చిన్నతనంలోనే మామగారు పోవడంతో తమ్ముణ్ణి పెంచింది, గుంటూరులో ఉంచి లా చదివించింది బావగారే. నేను కాపురానికి వచ్చేసరికి ఇంటిని రెండు వాటాలు చేసుకుని, ఒకే వాకిట్లో ఉంటున్నారు. నాకు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పే ఉద్యోగం. కాలేజీ నుంచి వచ్చేసరికి మా తోడికోడలు నాక్కూడా టీ పెట్టి ఉంచేది. ఆవిడను అక్కా అనేదాన్ని. సొంత అక్క అయినా అంత చూసేది కాదు.

బావగారికి రేడియో పిచ్చి. డాబా మీద రెండు వెదురు గడలు నిలబెట్టి, వాటి మధ్య రాగితీగ కట్టాడు. సాయంత్రం బడి వదిలాక పైకెక్కి, సెట్టు ముందు కూర్చుని, మీట తిప్పుతూ ఎక్కడెక్కడి దేశాల స్టేషన్లూ పట్టుకునేవాడు. ఒకటి రెండు స్టేషన్లవాళ్ళు తెలుగులో కూడా కార్యక్రమాలు ఇచ్చేవాళ్ళు. ఏ రోజు ఎంత స్పష్టంగా వినపడిందో రాసి పంపితే, వాళ్ళు బొమ్మల కార్డులు, క్యాలెండర్లు, అంటించుకునే స్టిక్కర్లు పంపేవాళ్ళు. బళ్ళో పిల్లలు కొందరు చేరి అదొక శ్రోతల సంఘమైంది. కవరు వచ్చిందంటే స్టాంపు నాకంటే నాకని కొట్టుకునేవాళ్ళు. పాత క్యాలెండర్ల నున్నటి కాగితాన్ని అక్క వంటింటి అరల్లో పరిచేది. డబ్బాల కింద మంచు కొండలు, వంతెనలు, ఎవరో నాట్యం చేసే అమ్మాయిలు కనిపిస్తుండేవాళ్ళు.

ఎనభైల్లో వచ్చిన ఎన్నికల్లో ఒకదాంట్లో మా ఆయన ఓడిపోయిన అభ్యర్థి తరఫున పనిచేశాడు. ఊరూరా తిరిగాడు, మైకులో మాట్లాడాడు, కౌంటింగు రోజున ముఖం వేలాడేసుకుని వచ్చాడు. ఆ తర్వాత కొద్ది రోజులకు కొత్త మాట పుట్టింది. గెలిచినవాళ్ళకు బయటి దేశం నుంచి డబ్బు వచ్చిందని, దాని మీద విచారణ జరిపించాలని ఓడినవాళ్ళు పట్టుబట్టారు. పొగాకు ఎగుమతుల పేరు చెప్పి వచ్చిందని ఒకరు, ధర్మసంస్థల పేరుతో వచ్చిందని ఇంకొకరు. పేపర్లలో అప్పటికే విదేశీ హస్తం అన్న మాట రోజూ కనపడుతుండేది. ఢిల్లీలో ఎవరినో ఉద్దేశించి అన్న ఆ మాట మా ఊళ్ళో కాఫీ హోటలుకీ, కోర్టు వరండాకీ, జిన్నింగు మిల్లు గేటు దగ్గరికీ వచ్చేసింది.

నా క్లాసులోకి కూడా వచ్చింది. ఎన్నికల సంఘం గురించి పాఠం చెబుతుంటే వెనక బెంచీ అమ్మాయి లేచి అడిగింది.

"బయటివాళ్ళ డబ్బుతో పోస్టర్లు వేశారనుకోండి మేడమ్. మేం మాకిష్టమైన వాళ్ళకే ఓటేశాం. అప్పుడు మా ఓటు చెల్లదా?"

"ఓటు చెల్లుతుంది. కానీ ఆ ఇష్టం ఎవరు పుట్టించారో తెలుసుకోవాలి గదా," అన్నాను.

"తెలుసుకున్నాక ఏం చేస్తారు?"

నేను సుద్దముక్క కింద పెట్టాను. గంట కొట్టారు.

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే మా ఆయన మెచ్చుకున్నాడు. వచ్చే ఆదివారం గ్రంథాలయంలో సభ పెడుతున్నారనీ, ఎన్నికల్లో విదేశీ జోక్యం మీద విచారణ కావాలా వద్దా అన్నదే విషయమనీ, తనూ మాట్లాడుతున్నాననీ చెప్పాడు.

ఆ సభకు హాలు పట్టనంతమంది వచ్చారు. ఊళ్ళో సగంమందికి చదువు చెప్పిన రిటైరయిన హెడ్మాస్టరు గారు అధ్యక్షులు. గెలిచిన పక్షం తరఫున ఒక పత్తి వ్యాపారి మాట్లాడాడు. బక్కగా ఉంటాడు, గొంతు మాత్రం పెద్దది.

"ఆడోళ్ళు ఎండలో పిల్లల్ని చంకనేసుకుని వరసల్లో నుంచున్నారండీ. ఓడిపోయినప్పుడల్లా విచారణ విచారణ అంటే, అమ్ముడుపోయి ఓటేశారని వాళ్ళని అన్నట్టే గదా. మీరు గెలిస్తే అడిగేవాళ్ళా ఈ మాట?"

జనం తలలాడించారు. హెడ్మాస్టరు గారు మధ్యలో కల్పించుకుని, అనుమానం వచ్చినప్పుడు తేల్చుకోవడం ఓటరును అవమానించడం కాదని, తేల్చకుండా వదిలేస్తేనే ఆ అనుమానం ఓటరు మీద ఉండిపోతుందని మెల్లగా చెప్పారు. దానికీ తలలాడించారు.

ఆఖర్న మా ఆయన లేచాడు. మొదట చట్టం చెప్పాడు. ఏ సెక్షను ఏమంటుందో, అభ్యర్థి ఏ లెక్కలు చూపించాలో, విచారణ ఎవరి చేతిలో ఉంటే పక్షపాతం ఉండదో. చక్కగా చెప్పాడు. కానీ తలుపు దగ్గరివాళ్ళు బీడీ కోసం ఒక్కొక్కరే బయటికి పోతున్నారు. ఆయన అది చూశాడు. ఆయన చూడటం నేను చూశాను. గొంతు పెంచాడు.

"ఇదంతా ఎక్కడో ఢిల్లీ సంగతి అనుకోకండి. ఈ ఊరి పోస్టాఫీసుకే వారం వారం విదేశీ కవర్లు వస్తున్నాయి. ఎవరికొస్తున్నాయి? ఎందుకొస్తున్నాయి? అడిగే హక్కు మనకు లేదా?"

బయటికి పోయినవాళ్ళు వెనక్కి వచ్చారు. హాలంతా చప్పట్లు. ఆడవాళ్ళ వరసలో కూర్చుని నేనూ కొట్టాను. వెనక గోడకు ఆనుకుని నిలబడిన బావగారు కూడా తమ్ముడి వంక సంతోషంగా చూస్తూ చప్పట్లు కొట్టాడు. ఆ కవర్లు తనవేనన్న ఆలోచనే ఆయనకు రాలేదు.

వ్యాపారి మాత్రం ఆ మాట పట్టుకున్నాడు. మర్నాడు కాఫీ హోటల్లో పోస్ట్‌మన్‌ను పిలిచి, మన ఊరికి విదేశీ కవర్లు వస్తాయటగదా, ఎవరికి అని అడిగాడట. ఇందులో దాచేదేముందన్నట్టు అతను, సైన్సు మాస్టారికండీ, రేడియోవాళ్ళు పంపుతారు, అన్నాడట. వ్యాపారి మనుషులు ఆ వారంలోనే పై ఆఫీసులకు అర్జీలు పంపారు. ఫలానా ప్రభుత్వ ఉద్యోగికి విదేశాల నుంచి కవర్లు వస్తున్నాయని, ఆ సంగతి అతని సొంత తమ్ముడే బహిరంగ సభలో చెప్పాడని, తగిన విచారణ జరిపించాలని.

"వాళ్ళడిగిన విచారణే మేమూ అడుగుతున్నాం. తప్పా?" అని వ్యాపారి అందరి ముందూ అన్నాడు. తప్పని అనడానికి మా ఆయనకు నోరు లేదు.

ఒకరోజు మధ్యాహ్నం సివిలు బట్టల్లో ఒక పోలీసాయన వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. డాబా ఎక్కి రాగితీగ కొలిచి చూశాడు. ఇది వినడానికేనా, ఇక్కణ్ణుంచి పంపడానికి కూడానా అని అడిగాడు. బావగారు క్లాసులో పిల్లలకు చెప్పినట్టు రేడియో ఎలా పనిచేస్తుందో ఓపిగ్గా చెప్పాడు. ఆ మనిషి విన్నంతసేపు విని, ఇంట్లో ఉన్న కవర్లు, కార్డులు అన్నీ గోనెసంచిలో వేయించుకుని వెళ్ళాడు. అరల్లో పరిచిన కాగితాలు కూడా తీయమన్నాడు. అక్క డబ్బాలన్నీ కింద పెట్టి ఒక్కొక్కటే లాగి ఇచ్చింది. నేను సాయం చేయబోతే, వద్దు, నువ్వు కాలేజీకి పో, అంది.

ఆ సాయంత్రం వాకిట్లో అన్నదమ్ములిద్దరూ ఎదురుపడ్డారు. మా ఆయన ఆ పూట కోర్టు నుంచి వచ్చి కూడా లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"అన్నయ్యా, నేను నిన్ను అనుకుని అనలేదు," అన్నాడు.

"నాకు తెలీదంట్రా. పో, కాళ్ళు కడుక్కో."

"రేపు వెళ్ళి పై ఆఫీసులో మాట్లాడతాను."

"ఏం మాట్లాడతావు? విచారణ వద్దంటావా? మొన్నే గదా కావాలన్నావు. జరగనీ. మనమేమన్నా తప్పు చేశామా?"

బావగారు అది నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే అలా అనుకున్నాడు. విచారణంటే ఆయనకు ప్రయోగశాలలో పరీక్షలాంటిది. చేస్తే ఉన్నదేదో తేలుతుందని నమ్మకం. మా ఆయన వకీలు కాబట్టి ఆయనకు ఆ నమ్మకం లేదు. ఆ రోజు అన్నం ముందు కూర్చుని కలిపి, కలిపి, అలాగే లేచిపోయాడు.

అక్క మాత్రం ఆ రోజు నుంచి మరిదితో మాట్లాడటం మానేసింది. నాతో మామూలుగానే ఉండేది. ఒకసారి మాత్రం బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా అంది.

"మీ ఆయనకు మాటలు బాగా వచ్చు. చిన్నప్పుడు బళ్ళో వక్తృత్వం పోటీకి ఈయనే రాసిచ్చి, అద్దం ముందు నిలబెట్టి చెప్పించేవాడు."

పక్కన కూర్చుని నేనూ బియ్యం ఏరాను.

విచారణ బళ్ళోనే, సైన్సు గదిలో పెట్టారు. పై ఆఫీసు నుంచి పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. జలుబు చేసినట్టుంది, మాటిమాటికీ చేతిరుమాలు తీస్తున్నాడు. అక్కా నేనూ బయట వరండాలో కూర్చున్నాం. కిటికీలు తెరిచే ఉన్నాయి కాబట్టి లోపలి మాటలన్నీ వినపడుతున్నాయి. బల్ల మీద గోనెసంచి బోర్లించి ఉంది. మిల్లుల వైపు నుంచి గాలికి వచ్చిన దూది పీచు ఆ కార్డుల మీద వాలుతుంటే గుమాస్తా ఊదుతున్నాడు.

క్యాలెండర్లూ బొమ్మలూ తొందరగానే పక్కకు పోయాయి. ఆ పెద్దమనిషి స్టేషనువాళ్ళ జాబు ఒకదాని దగ్గర ఆగాడు.

"ఎన్నికలప్పుడు మీ దేశంలో పోలింగు ఎలా జరిగిందో రాయమని ఈ స్టేషను వాళ్ళు శ్రోతల్ని అడిగారా?"

"అడిగారండి. చాలా దేశాలవాళ్ళను అడిగారు."

"మీరు రాశారా?"

"రాశానండి. పిల్లలూ నేనూ కలిసి ఇంగ్లీషులో రాశాం. వాళ్ళకు అభ్యాసం అవుతుందని. పొద్దున్నే ఆడవాళ్ళు వరసల్లో నిలబడ్డారని, ఒక ముసలావిడను మంచం మీద మోసుకొచ్చారని, ఎక్కడా గొడవ జరగలేదని రాశాం. రేడియోలో చదివారు కూడా."

ఆ మాట అంటున్నప్పుడు బావగారి గొంతులో ఇంకా సంతోషం ఉంది. అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆ జాబు చదివిన రోజున సంఘం పిల్లలు డాబా మీద గంతులేశారు, మేమంతా విన్నాం. అదే ఇప్పుడు ప్రభుత్వోద్యోగి ఎన్నికల సమాచారం విదేశీ రేడియోకు పంపడమని కాగితం మీద పడింది. ఆ పెద్దమనిషిని తప్పు పట్టలేను. ఆయన అడగవలసిందే అడిగాడు. అంతకుముందు సభలో అలాంటి ప్రశ్నలే అడగాలని మా ఆయన చెబితే, మేమంతా చప్పట్లు కొట్టి ఒప్పుకున్నాం.

తర్వాత మా ఆయన్ని సాక్షిగా పిలిచారు.

"సభలో మీరు విదేశీ కవర్లు అన్నది ఎవరికొచ్చే కవర్ల గురించి?"

ఊరికే జనాన్ని ఉత్సాహపరచడానికి అన్నానని చెప్పమని అంతకుముందే ఆయన పక్షంవాళ్ళు వచ్చి చెప్పి వెళ్ళారు. ఎవరినీ ఉద్దేశించలేదంటే అన్నగారికీ ఇబ్బంది ఉండదు, మనకూ ఉండదు అన్నారు. నేనూ ఆయన అలాగే చెబుతాడనుకున్నాను.

"మా అన్నయ్యకు వచ్చే కవర్లేనండి," అన్నాడు. "నాకు తెలిసిన విదేశీ కవర్లు అవే. వాటిలో ఏముంటాయో నాకు బాగా తెలుసు. క్యాలెండర్లుంటాయి. చిన్నప్పట్నుంచి చూస్తున్నాను. తెలిసే అన్నాను."

"తెలిసి ఎందుకన్నారు?"

"జనం లేచిపోతున్నారండి."

గుమాస్తా అది రాసుకోవడానికి ఆగాడు. ఇలాగే రాయమంటారా అని అడిగాడు. అలాగే రాయమన్నాడు మా ఆయన. చదివి సంతకం పెట్టాడు. బయటికి వచ్చి, వరండా మెట్ల మీద మా ఇద్దరి ముందు నిలబడ్డాడు. అక్క లేచి, చీర కుచ్చెళ్ళు దులుపుకుని, మొగుడి కోసం లోపలికి చూస్తూ నిలబడింది.

నాకు ఆ రోజు ఆయన మీద కోపం వచ్చిందా, జాలి వేసిందా అంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. చెప్పింది నిజం. చెప్పడానికి ధైర్యం కావాలి. కానీ ఆ నిజం అన్నగారిని కాపాడేది కాదు. రాసిన జాబు రాసినట్టే ఉంది.

కొన్ని నెలలకు కాగితం వచ్చింది. ఆరోపణలు రుజువు కాలేదు, ఇకముందు జాగ్రత్తగా ఉండాలి అని. దాంతోపాటే బదిలీ కూడా వచ్చింది, మాచర్ల అవతల ఒక ఊరికి. శ్రోతల సంఘం అప్పటికే లేదు. మా అబ్బాయి పేరు తీసేయండి మాస్టారూ, అని తండ్రులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి అడిగి వెళ్ళారు. ఎవరూ దురుసుగా అడగలేదు. కొందరైతే పళ్ళు కూడా తెచ్చారు.

ఊళ్ళో వాదన కూడా ఆగిపోయింది. మా ఆయన చెప్పిన సాక్ష్యాన్ని వ్యాపారి మనుషులు కరపత్రం వేసి పంచారు. విదేశీ హస్తమంటే ఇదేనటండీ, మాస్టారి గోడ మీది క్యాలెండరు, అని హోటల్లో నవ్వుకున్నారు. ఎవరైనా ఎన్నికల్లో బయటి డబ్బు సంగతి ఎత్తితే, ఏం క్యాలెండరొచ్చిందా అనేవాళ్ళు. ఓడిన పక్షంవాళ్ళు మా ఇంటి వైపు రావడం మానేశారు. ఇక మీరు వేదిక ఎక్కకుండా ఉంటే మేలండీ, అని మాత్రం ఒకరు చెప్పి వెళ్ళారు.

హెడ్మాస్టరు గారు ఒక్కరే వచ్చారు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, మా ఆయనతో అన్నారు.

"ఒరేయ్ అబ్బాయ్, నిజంగానే బయటి డబ్బు వచ్చిందేమో. రాలేదేమో. నాకు తెలీదు. తెలుసుకుందామనే గదా ఆ సభ పెట్టింది. ఇంక ఈ ఊళ్ళో ఎవరూ అడగరు."

"నా వల్లే మాస్టారూ."

"నీ వల్లే," అన్నారాయన. కాసేపు కూర్చుని వెళ్ళిపోయారు.

ఊళ్ళో ఆ ప్రశ్నే లేకుండా పోవడం ఆయన్ని అన్నయ్యకు జరిగినదానికంటే తక్కువేమీ బాధించలేదని నాకు తర్వాత అర్థమైంది. అన్నయ్యకు చేసినదానికి అన్నయ్య దగ్గరికైనా వెళ్ళవచ్చు. ఊరికి చేసినదానికి ఎవరి దగ్గరికి వెళ్ళాలి? మళ్ళీ నాకు ఆ పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా, వెనక బెంచీ అమ్మాయి ముఖం గుర్తొచ్చి, పుస్తకంలో ఉన్నది చదివేసి పక్క పాఠానికి పోయేదాన్ని.

సామాను లారీకి ఎక్కించిన రోజున మా ఆయన కోర్టు మానేశాడు. మంచాలు, బియ్యం డ్రమ్ములు, పుస్తకాల పెట్టెలు తనే మోశాడు. కూలీలున్నారు గదరా అని బావగారు అన్నా వినలేదు. లారీలోనే వాళ్ళతో వెళ్ళి, ఆ ఊళ్ళో సామాను దింపి, మంచాలు బిగించి, మర్నాడు బస్సులో వచ్చాడు. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. పసుపు రాయబోతే వద్దన్నాడు.

ఆ తర్వాత సెలవు దొరికితే చాలు, మాచర్ల బస్సెక్కేవాడు. నాకు వీలైతే నేనూ వెళ్ళేదాన్ని. దారి పొడుగునా మిరపచేలు, పత్తిచేలు, నరసరావుపేట దాటాక నాపరాళ్ళు. బావగారు ఆ ఊరి బళ్ళో తొందరగానే కుదురుకున్నాడు. పిల్లల చేత చెరుకుపిప్పితో, వెదురుతో ఏవేవో చేయిస్తుండేవాడు. రేడియో మాటెత్తేవాడు కాదు. మేమూ ఎత్తేవాళ్ళం కాదు. తమ్ముడొస్తున్నాడంటే బస్సు ఆగే చోటుకి వచ్చి నిలబడేవాడు. తిన్నావురా అని అడిగేవాడు, అంతే. అక్క అందరికీ వడ్డించేది, మరిదికీ వడ్డించేది, కానీ ఒక్కమాట మాట్లాడేది కాదు. ఆయనకు కావలసింది నేను అడిగితే తెచ్చి నా ముందు పెట్టేది.

అలా చాలా కాలం జరిగింది. ఇంకో ఎన్నికలు వచ్చి పోయాయి. ఆ ఎండాకాలం వెళ్ళినప్పుడు బావగారికి జ్వరంగా ఉంది, లోపల పడుకున్నాడు. నేను ఆయనకు జావ పట్టుకెళ్ళాను. వంటింట్లో మా ఆయన ఒక్కడే కంచం ముందు కూర్చున్నాడు.

"కొంచెం కూర వేసుకోండి," అని అక్క గొంతు వినపడింది. "వంకాయ మీకిష్టం గదా."

నేను జావ గిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాను. మంచం మీద బావగారు కూడా విన్నాడు. నా వంక చూసి, కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి వంటింట్లో మా ఆయన కంచం కదిలిన చప్పుడు వినపడింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆయన చాలాసేపు బయటికే చూశాడు. ఎదురుగాలి వేడిగా కొడుతోంది.

"వదిన మాట్లాడకుండా ఉంటేనే నాకు కాస్త తేలిగ్గా ఉండేది," అన్నాడు.

నరసరావుపేటలో బస్సు ఆగితే దిగి, నిలబడే ఇద్దరం టీ తాగాం. బస్టాండులో ఎవరో పాత పరిచయస్తుడు ఆయన్ని గుర్తుపట్టి, ఏవండీ వకీలుగారూ, ఈ మధ్య మీ ఉపన్యాసాలు వినపడటం లేదేమిటి, అని అడిగాడు. మానేశానండి, అని చెప్పి గ్లాసు కింద పెట్టి బస్సెక్కాడు.